గ్రహణాన్ని గడియారంగా మలచిన అల్ బీరూనీ

2025 సెప్టెంబరు 7, భాద్రపద పూర్ణిమ. ఆ రాత్రి 9 గంటల 57 నిమిషాలకు చంద్రబింబపు తూర్పు అంచున చీకటి అంటింది. 11 గంటలు దాటేసరికి బింబమంతా భూమి నీడలో మునిగి, తోమక వదిలేసిన రాగిచెంబు వన్నెకు వచ్చింది. ఆ సంపూర్ణ గ్రహణం 82 నిమిషాలు నిలిచింది. మా వీధిలో పెందలకడనే భోజనాలు ముగించి, ఊరగాయ జాడీల మీద దర్భలు వేసి, తలుపులు బిగించుకున్న ఇళ్లు కొన్ని. పిల్లాపాపలతో డాబాలెక్కిన ఇళ్లు కొన్ని. మసీదులో గ్రహణపు నమాజు ముగించుకొని వచ్చిన మిత్రులు కొందరు మా డాబా మీదికే చేరారు. బింబం పూర్తిగా కమ్ముకున్న వేళ, జిద్దాలో ఉద్యోగం చేస్తున్న ఒక పూర్వవిద్యార్థి ఫోను చేశాడు. తానూ అదే చూస్తున్నానని అతని సంతోషం. మాకు అప్పుడు రాత్రి పదకొండు. అతని గడియారంలో ఎనిమిదిన్నర. చూస్తున్న క్షణం ఒక్కటే, లెక్కించే గంటలు వేరు.

ఆ తేడాలో ఒక శాస్త్రమే ఇమిడి ఉంది. ఫోను మాట అటుంచి, నమ్మదగిన గడియారమైనా లేని కాలంలో, సుమారు వెయ్యేళ్ల క్రితం, ఆ తేడాను పట్టుకొని భూమి మీద నగరాల స్థానాలను నిర్ణయించిన మహామేధావి అబూ రైహాన్ ముహమ్మద్ ఇబ్న్ అహ్మద్ అల్ బీరూనీ. మన విద్యార్థులకు ఆయన పేరు గజనీ మహమూదు దండయాత్రల పాఠం చివర ఒక వాక్యంగా మాత్రమే పరిచయం. సుల్తాను వెంట వచ్చిన పండితుడు అన్నంతటితో ఆయనను సరిపెట్టడం న్యాయం కాదని నా నమ్మకం. ఆయన జీవితంలో రాజులు వచ్చారు, పోయారు. చంద్రగ్రహణాలు మాత్రం లెక్క తప్పక వచ్చాయి. వాటికోసం ఆయన ఎక్కడ ఉన్నా మేలుకొని కాచుకున్నాడు.

ఆము దర్యా నది ఒకప్పుడు ఆరల్ సముద్రాన్ని చేరిన దిగువ భూములకు ఖ్వారిజం అని పేరు. దాని రాజధాని కాథ్ నగర పరిసరాలలో 973 సెప్టెంబరు 4న అల్ బీరూనీ జన్మించాడు. నేడు ఆ ప్రాంతం ఉజ్బెకిస్తాన్‌లో ఉంది; అక్కడి పట్టణాన్ని ఇప్పుడు బెరూనీ అనే పిలుస్తారు. బీరూన్ అంటే ఫార్సీలో వెలుపల. ఊరి వెలుపలివాడు అన్న మాట ఒక మహాపండితునికి బిరుదులా నిలిచిపోయింది. ఖ్వారిజం రాజవంశీయుడే అయిన అబూ నస్ర్ మన్సూర్ గొప్ప గణితజ్ఞుడు. ఆయన ఈ బాలుని చేరదీసి రేఖాగణితం, ఖగోళం నేర్పాడు. ఆ శిక్షణ ఎటువంటిదంటే, పదిహేడేళ్ల వయసులోనే శిష్యుడు మధ్యాహ్న సూర్యుని ఉన్నతిని కొలిచి తన ఊరి అక్షాంశాన్ని తానే నిర్ణయించాడు. తరువాత పదిహేను మూరల వ్యాసం గల వలయ యంత్రాన్ని సిద్ధం చేసుకొని అయనాంతాలను పరిశీలించాలని పూనుకున్నాడు.

ఆ పూనిక సాగలేదు. 995లో గుర్గంజ్ పాలకుడు మామూన్ కాథ్ మీద దండెత్తి, అబూ నస్ర్ వంశీయులైన రాజులను కూలద్రోశాడు. ఉత్తరాయణపు చివరి రోజున ఒక్క పరిశీలన మాత్రం జరిపి, యంత్రాన్ని అక్కడే విడిచి, ఇరవై రెండేళ్ల బీరూనీ ప్రాణాలు దక్కించుకొని పారిపోయాడు. తలదాచుకొనడానికి రయ్ నగరం చేరాడు. ఆ నగరంలో ఒక పండితమ్మన్యుడు ఒక శాస్త్రవిషయమై ఈయన చెప్పిన మాటను ఎగతాళి చేశాడట. కారణం మాటలో దోషం కాదు, చెప్పినవాని పేదరికం. కొంతకాలానికి బీరూనీ స్థితి మెరుగుపడగానే ఆ పెద్దమనిషే స్నేహహస్తం చాచాడట. బీరూనీ ఈ ముచ్చటను తన గ్రంథంలో నవ్వుతూనే చెప్పాడు గాని, పేదరికం మనిషి తెలివిని సైతం ఎలా మరుగుపరుస్తుందో ఆయనకు అనుభవంతో తెలిసింది.

రెండేళ్లకు ఆయన మళ్లీ కాథ్‌లో కనిపిస్తాడు. ఆయన కీర్తికి మొదటి మెట్టనదగిన ఘటన అక్కడే జరిగింది. 997 మే 24 రాత్రి చంద్రగ్రహణం రానున్నది. బగ్దాదులో అబుల్ వఫా బూజ్‌జానీ అనే వృద్ధ ఖగోళవేత్త ఉన్నాడు. త్రికోణమితిలో ఆయనది పెద్ద పేరు. ఇరవై నాలుగేళ్లయినా నిండని బీరూనీకీ, ఆయనకూ మధ్య ఏర్పాటు కుదిరింది. గ్రహణాన్ని ఒకరు బగ్దాదులో, ఒకరు కాథ్‌లో చూడాలి. గ్రహణం తమ ఊరి లెక్కన ఏ వేళకు వచ్చిందో ఇద్దరూ కొలిచి వ్రాసుకోవాలి. ఆ తరువాత లెక్కలు కలుపుకోవాలి.

ఇందులో గొప్ప ఏమున్నదని విద్యార్థులు అడగవచ్చు. ఒక ఊరి అక్షాంశాన్ని కనుగొనడం తేలిక. ధ్రువనక్షత్రపు ఎత్తో, మధ్యాహ్న సూర్యుని ఎత్తో కొలిస్తే చాలు, ఇంటి పెరట్లో నిలబడి ఒక్కడే చేయగల పని. రేఖాంశం అలా చిక్కదు. భూమి తిరుగుతూనే ఉంటుంది కనుక, తూర్పు పడమరల దూరం తెలియాలంటే రెండు ఊళ్లలో ఒకే క్షణాన ఎంత పొద్దయిందో తెలియాలి. భూమి గంటకు పదిహేను డిగ్రీలు, నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ తిరుగుతుంది. రెండు ఊళ్ల స్థానిక కాలాల మధ్య గంట తేడా ఉంటే వాటి నడుమ పదిహేను డిగ్రీల రేఖాంశ భేదం ఉన్నట్లే. అయితే వందల క్రోసుల దూరంలో ఉన్న ఇద్దరు మనుషులు ఇది ఒకే క్షణమని ఎలా గుర్తించాలి? ఒంటెల బిడారు మీద ఉత్తరం చేరడానికే వారాలు పట్టేది.

ఆ సంకేతం ఆకాశంలోనే ఉంది. సూర్యగ్రహణం దీనికి పనికిరాదు. చంద్రుని నీడ భూమి మీద ఒక ఊరి నుండి మరొక ఊరికి పరుగెత్తుతుంది. ఒక ఊరికి పట్టు అయిన క్షణానికి పక్క ఊరికి ఇంకా పట్టదు, కొన్ని ఊళ్లకు అసలే పట్టదు. చంద్రగ్రహణం అలా కాదు. చంద్రుడు స్వయంగా భూమి నీడలోకి ప్రవేశించి తన వెలుగును కోల్పోతాడు. మేడమీది దీపం ఆరితే నాలుగు వీధులవారికీ ఒక్కసారే చీకటి కనిపించినట్లు, చంద్రుడు ఉదయించి ఉన్న ప్రతిచోటా గ్రహణం ఒకే క్షణంలో మొదలై ఒకే క్షణంలో విడుస్తుంది. మన పంచాంగకర్తలు స్పర్శ, నిమీలనం, ఉన్మీలనం, మోక్షం అని వ్రాసే నాలుగు ఘట్టాలున్నాయి కదా. నీడ తాకడం, బింబం పూర్తిగా మునగడం, తిరిగి వెలుగు పొడసూపడం, పూర్తిగా విడవడం. సంపూర్ణ గ్రహణంలో ఈ నాలుగూ దొరుకుతాయి, పాక్షిక గ్రహణంలో మొదటిదీ చివరిదీ మాత్రమే. నాలుగు ఘట్టాలంటే లెక్క సరిచూసుకొనడానికి నాలుగు అవకాశాలు.

ఈ ఆలోచన గ్రీకులకు కొత్త కాదు. తొలెమీ తన భూగోళ గ్రంథంలో ఒక ఉదాహరణ చూపాడు. క్రీ.పూ. 331లో అలెగ్జాండరు గౌగమేలా యుద్ధానికి ముందు పట్టిన చంద్రగ్రహణం అర్బేలాలో రాత్రి ఐదవ గంటకు, కార్తేజిలో రెండవ గంటకు కనిపించిందని లెక్కవేసి, మూడు గంటల తేడాకు నలభై ఐదు డిగ్రీల దూరమని నిర్ణయించాడు. నిజానికి ఆ దూరం ముప్పై నాలుగు డిగ్రీలకు మించదు. ఎవరో సైనికులు, ఎవరో పౌరులు యాదృచ్ఛికంగా చూసి చెప్పిన వేళలను నమ్మితే జరిగేది ఇదే. బీరూనీ, అబుల్ వఫాలు చేసిన పని దీనికి పూర్తిగా భిన్నం. గ్రహణం రాబోతున్నదని ముందే తెలుసుకొని, ముందే మాట్లాడుకొని, ఇద్దరు నిపుణులు రెండు నగరాలలో కాచుకున్నారు. కాలాన్ని వారు కొలిచినది నక్షత్రాల ఎత్తులతో. ఆస్ట్రోలేబ్ పట్టుకొని తెలిసిన తార క్షితిజం నుండి ఎన్ని డిగ్రీల ఎత్తున ఉందో చూస్తే ఎంత రాత్రి గడిచిందో గణితం చెబుతుంది.

రెండు నగరాల మధ్య వచ్చిన తేడా సుమారు ఒక గంట. నేటి పటాలను చూస్తే కాథ్, బగ్దాదుల మధ్య రేఖాంశ భేదం పదహారు డిగ్రీల పైచిలుకు, అంటే గంటకు ఐదు నిమిషాలు ఎక్కువ. భూమి నీడకు గీత గీసినట్టి అంచు ఉండదు. మసక మెల్లగా చిక్కబడుతుంది. ఏ క్షణాన పట్టిందో చెప్పడంలో ఎంతటివానికైనా కొన్ని నిమిషాల తడబాటు తప్పదు. ఒక్క నిమిషం పొరపాటుకు కాథ్ అక్షాంశం దగ్గర దాదాపు ఇరవై కిలోమీటర్ల తేడా వస్తుంది. ఇవన్నీ తలచుకుంటే వారి ఫలితం ఆశ్చర్యం గొలుపుతుంది. ఆ మరుసటి సంవత్సరమే, 998లో, అబుల్ వఫా మరణించాడు.

తరువాత బీరూనీ కాస్పియన్ సముద్ర తీరాన గుర్గాన్ పాలకుడు కాబూస్ ఆస్థానంలో చేరాడు. అక్కడ సుమారు 1000వ సంవత్సరంలో, వివిధ జాతుల పంచాంగాలను, శకాలను, పండుగలను వివరించే అల్ ఆసారుల్ బాకియా అనే ఉద్గ్రంథాన్ని వ్రాశాడు. ఆ ప్రభువు విద్వాంసుడే గాని పరమ క్రూరుడు. అటువంటివాని నీడన కూర్చొని బీరూనీ 1003 ఫిబ్రవరి 19న ఒకటి, ఆగస్టు 14న మరొకటి, రెండు చంద్రగ్రహణాలను పరిశీలించాడు. స్వదేశానికి తిరిగివచ్చి 1004 జూన్ 4న గుర్గంజ్‌లో, అరబ్బులు జుర్జానియా అనే ఆ నగరంలో, మూడవదానిని చూశాడు.

తేదీలు ముందే ఎలా తెలిసేవి? ఇక్కడ గ్రహణాల ఆవృత్తిని గూర్చి కొంత చెప్పక తప్పదు. చంద్రుని మార్గం సూర్యుని మార్గానికి సుమారు ఐదు డిగ్రీలు వాలి ఉంటుంది. అవి రెండూ ఖండించుకొనే బిందువులకే మన పూర్వులు రాహు కేతువులని పేరు పెట్టారు. పూర్ణిమ నాటికి చంద్రుడు ఆ బిందువుల దగ్గర ఉంటేనే గ్రహణం. అందుచేతనే ప్రతి పూర్ణిమకూ గ్రహణం పట్టదు. బాబిలోనియా ఖగోళజ్ఞులు శతాబ్దాల పట్టికలు వ్రాసి ఒక రహస్యం కనుగొన్నారు. 223 చాంద్రమాసాలు గడిస్తే సూర్యుడు, చంద్రుడు, పాతబిందువు దాదాపు మొదటి అమరికకే తిరిగివస్తాయి. ఆ కాలం 18 సంవత్సరాల 11 రోజుల 8 గంటలు. నేడు దీనిని సారోస్ అంటున్నారు. తొలెమీ అల్మజెస్ట్ ఈ చక్రాన్ని వివరించింది. బీరూనీకి ఆ గ్రంథం కంఠోపాఠం వంటిది.

చివరనున్న ఆ ఎనిమిది గంటలలోనే చిక్కంతా ఉంది. ఆ మిగులు కాలంలో భూమి మూడవ వంతు తిరిగిపోతుంది కనుక, అదే గ్రహణం తిరిగి వచ్చినా అది మన ఆకాశంలో కాక పడమటగా 120 డిగ్రీల దూరాన ఉన్న దేశాలవారికి కనిపిస్తుంది. మూడు చక్రాలు పూర్తయితే, అంటే 54 సంవత్సరాల పైన ఒక నెల గడిస్తే, ఎనిమిది గంటలు మూడుసార్లు కలిసి ఒక దినమై, గ్రహణం మళ్లీ మన ఊరి రాత్రికే వస్తుంది. ఇందుకు మన కళ్లెదుటి నిదర్శనమే ఉంది. 1971 ఆగస్టు 6 అర్ధరాత్రి తెలుగు దేశపు ఆకాశంలో చంద్రునికి సంపూర్ణ గ్రహణం పట్టింది. అదే కుటుంబానికి చెందిన 1989 ఆగస్టు 17 నాటి గ్రహణం మనకు తెల్లవారిన తరువాత, 2007 ఆగస్టు 28 నాటిది మనకు మధ్యాహ్నం జరిగాయి. నాలుగవది వ్యాసారంభంలో చెప్పిన 2025 సెప్టెంబరు 7 నాటిది. మళ్లీ మన అర్ధరాత్రికే వచ్చింది. ఆ రాత్రి మా డాబా మీద ఒక పెద్దాయన, తన చిన్నతనంలో వాళ్ల అమ్మమ్మ పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టిన గ్రహణం కూడా నట్టనడిరేయిదేనని చెప్పుకొచ్చారు. ఏ సంవత్సరమో ఆయనకు గుర్తు లేదు. 1971 నాటిదే అయి ఉండాలని నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఈ వరుసలో మళ్లీ మన రాత్రికి వచ్చేది 2079 అక్టోబరు 10న. ఇప్పటి మన విద్యార్థులు అప్పటికి డెబ్బై ఏళ్లు దాటి ఉంటారు.

గుర్గంజ్‌లో బీరూనీకి పుష్కరకాలం పాటు మంచిరోజులు నడిచాయి. ఖ్వారిజం షా ఆయనను సలహాదారుగా గౌరవించాడు. అయితే పండితుడు రాజకార్యాలలో తలదూర్చిన ఫలితం ఆయనా అనుభవించాడు. 1017లో తిరుగుబాటుదారులు షాను చంపారు. ఆ వంకతో గజనీ మహమూదు సేనలు ఖ్వారిజాన్ని ఆక్రమించి, దోపిడి సొమ్ముతో పాటు పండితులను కూడా తరలించుకుపోయాయి. బీరూనీ, ఆయన గురువు అబూ నస్ర్ ఇద్దరూ గజనీ చేరారు. నలభై నాలుగేళ్ల వయసులో ఆయన మళ్లీ ఊరి వెలుపలివాడే అయ్యాడు. అతిథియో, బందీయో తేల్చి చెప్పలేని స్థితి.

1018 అక్టోబరు 14న కాబూలు సమీపంలోని ఒక పల్లెలో ఆయన ఉన్నాడు. చేతిలో ఒక్క యంత్రమూ లేదు. మనసు కుంగిపోయి ఉన్నది. అయినా, లెక్కలు వేసుకొనే పలక వెనుక వైపున వృత్తఖండాన్ని గీసి, డిగ్రీలు గుర్తించి, ఒక దారానికి బరువు కట్టి వేలాడదీసి, ఆ పల్లె అక్షాంశాన్ని కొలిచాడు! ఆయన జీవితమంతటిలో నాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టం ఇదే. ప్రయోగశాలలో పరికరం లేదని పాఠం దాటవేసే మా బోధకులు కూడా దీనిని గుర్తుంచుకుంటే మేలు.

మరుసటి సంవత్సరం రెండు గ్రహణాలు వచ్చాయి. 1019 ఏప్రిల్ 8న లంఘాన్ లోయలో సూర్యుడు పొడిచేసరికే మూడవ వంతు గ్రస్తమై ఉన్నాడు. సెప్టెంబరు 17న అర్ధరాత్రి దాటిన తరువాత గజనీలో చంద్రగ్రహణం. బింబపు అంచున మొదటి గంటు కనిపించిన క్షణాన తూర్పు ఆకాశంలో బ్రహ్మహృదయం 66 డిగ్రీలకు కొంచెం తక్కువ, రోహిణి 63, ప్రశ్వ 22, లుబ్ధకం 17 డిగ్రీల ఎత్తున ఉన్నట్లు బీరూనీ వ్రాసిపెట్టాడు. ఒక్క తారతో కాలం తెలుస్తుంది. ఆయన నాలుగింటిని కొలిచాడు. ఒకదానిలో పొరపాటు జరిగితే మిగిలినవి పట్టిస్తాయి. నేడు కూడా ఆ నాలుగు అంకెలనుండి ఆ రాత్రి వేళను గణించవచ్చు. ప్రాచీన గ్రహణాల ఆధారంగా భూభ్రమణం శతాబ్దాల మీద ఎంత మందగించిందో లెక్కిస్తున్న నేటి శాస్త్రజ్ఞులకు ఇటువంటి పరిశీలనలే ముడిసరుకు.

ఈ కొలతలకు ఒక నిత్యజీవిత ప్రయోజనం కూడా ఉండేది. గజనీ నుండి మక్కా ఏ దిక్కున ఉందో తెలిస్తేనే నమాజుకు కిబ్లా సరిగా కుదురుతుంది. అందుకు రెండు నగరాల అక్షాంశ రేఖాంశాలు కావాలి. బగ్దాదు నుండి గజనీ వరకు నగరం వెంట నగరంగా అక్షాంశాలు, బిడారు మార్గాల దూరాలు, గ్రహణ పరిశీలనలు జోడించి, గోళీయ త్రికోణమితితో ఆ దిశను సాధించాడు. నగరాల హద్దులను నిర్ణయించే తహ్దీద్ అనే గ్రంథం 1025లో ఇలా పూర్తయింది. ఇప్పటి ఝీలం జిల్లాలోని నందనా కోటలో భూమి వ్యాసార్ధాన్ని కొలిచిన వృత్తాంతం కూడా అందులోనే ఉంది. కొండ ఎత్తు 652 మూరలు. శిఖరం నుండి చూస్తే క్షితిజం 34 కళలు దిగువకు వాలింది. ఆ రెండు అంకెలతోనే భూగోళాన్నంతటినీ కొలిచాడు.

దూరదేశపు రాయబారి ఒకడు సూర్యుడు అస్తమించని చోటు చూశానని మహమూదు ఎదుట చెప్పగా, సుల్తాను అది మతధిక్కారమని మండిపడ్డాడనీ, భూమి గోళమైనందున ధ్రువాల దగ్గర అలా జరుగుతుందని బీరూనీ వివరించవలసి వచ్చిందనీ యాకూత్ అనే గ్రంథకర్త చెప్పాడు. ఇటువంటి ప్రభువు కింద నోరు విప్పడానికి పాండిత్యం ఒక్కటే చాలదు.

పంజాబు ప్రాంతాలలో తిరిగిన కాలంలో బీరూనీ సంస్కృతం నేర్చుకున్నాడు. నలభై ఏళ్లు దాటిన మనిషి, పరభాష, చెప్పేవారికి ఆయన మీద అనుమానం. ఆ అనుమానానికి కారణం ఆయనకు తెలుసు. మహమూదు దాడులు ఈ దేశపు సిరిని చెల్లాచెదరు చేశాయని, పండితులు దూరప్రాంతాలకు తరలిపోయారని తాను వ్రాసిన కితాబుల్ హింద్ గ్రంథంలో దాచకుండా చెప్పాడు. మొదట మన జ్యోతిష్కుల ముందు శిష్యునివలె కూర్చున్నాడు. కొంతకాలానికి వారే ఆయనను ప్రశ్నలడగసాగారు. 1030 నాటికి పూర్తయిన ఆ గ్రంథంలో గ్రహణాలకు ఒక అధ్యాయమే ఉంది.

ఆ అధ్యాయం చదివితే బీరూనీ మనస్తత్వం తేటపడుతుంది. భూమి నీడలో చంద్రుడు ప్రవేశించడమే చంద్రగ్రహణమని 499లోనే ఆర్యభటుడు చెప్పాడు. వరాహమిహిరుడు బృహత్సంహితలో అదే ఒప్పుకున్నాడు. బీరూనీ వరాహమిహిరుని మనసారా మెచ్చుకున్నాడు. కాని 628లో బ్రాహ్మస్ఫుట సిద్ధాంతం రచించిన బ్రహ్మగుప్తుని విషయంలో ఆయన విస్తుపోయాడు. అంతటి గణితవేత్త, రాహువు మింగుతాడన్న శాస్త్రవచనాన్ని కాదన్నందుకు ఆర్యభటాదులను తప్పుబట్టి, అదే గ్రంథంలో తాను మాత్రం నీడ వ్యాసాన్ని, చంద్రబింబ వ్యాసాన్ని కొలిచి గ్రహణాన్ని నిక్కచ్చిగా గణించాడు. నీడ అని తెలియనిదే ఆ గణితం లేదు! బీరూనీ ఇక్కడ పరుషంగానే విమర్శించాడు. అయినా అంతటితో ఆపక, ఆ మహాపండితుడు లోకానికి వెరచి అలా వ్రాసి ఉంటాడేమో, సోక్రటీసుకు పట్టిన గతి తనకు పట్టరాదనుకున్నాడేమో అని ఒక మినహాయింపు ఇచ్చాడు. సుల్తాను కొలువులో బతుకుతున్న బీరూనీ ఆ వాక్యాలు వ్రాస్తున్నప్పుడు కేవలం బ్రహ్మగుప్తుని గురించే ఆలోచించాడని నేను అనుకోలేను.

ఇతర మతాన్ని ఎగతాళి చేయడానికి ఆయన ఇవి వ్రాయలేదు. అరబ్బు సామాన్యులలోని మూఢవిశ్వాసాలనూ అంతే నిర్దాక్షిణ్యంగా ఎత్తిచూపాడు. భారతీయుల గ్రహణ గణిత పద్ధతులను తన మతస్థులకు తెలియజెప్పడానికి ఖయాలుల్ కుసూఫైన్ అనే ప్రత్యేక గ్రంథం కూడా రచించాడు.

1030లో మహమూదు మరణించాడు. కుమారుడు మసూద్ బీరూనీని ఆదరించాడు. ఖగోళ శాస్త్రమంతటినీ ఒకచోట చేర్చిన అల్ కానూనుల్ మసూదీని ఆయనకే అంకితమిచ్చాడు. సుల్తాను ఏనుగు మోతగా వెండిని పంపగా, తనకు అక్కరలేదని ఖజానాకే తిప్పిపంపాడంటారు. ఏనుగు సంగతి ఎంత నిజమో గాని, పారిపోతూ యంత్రాన్ని విడిచివచ్చిన మనిషికి వెండితో పని లేదంటే నమ్మబుద్ధి వేస్తుంది.

ఆ కానూన్ గ్రంథం మూల అరబ్బీలో పూర్తిగా అచ్చయినది ఎక్కడో కాదు, మన హైదరాబాదులో. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ 1954–56 మధ్య మూడు సంపుటాలుగా దానిని వెలువరించింది. రత్నశాస్త్రంపై ఆయన రచించిన కితాబుల్ జమాహిర్‌ను 1936లో, కితాబుల్ హింద్‌ను 1958లో అదే సంస్థ ప్రచురించింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో ఉన్న ఆ సంస్థ వాకిలి ముందు నుంచి మన విద్యార్థులు ఎందరో పరీక్షల పని మీద వెళ్లివస్తుంటారు. లోపల ఏమున్నదో అడిగినవారు తక్కువ.

చివరి సంవత్సరాలలో బీరూనీకి చూపు, వినికిడి తగ్గాయి. ఔషధాలపై గ్రంథం వ్రాస్తూ ఒక వైద్యుని సాయం తీసుకున్నాడు. అప్పటికి చాంద్రమానం ప్రకారం ఎనభై దాటాయని తానే పేర్కొన్నాడు. ఆయన గజనీలో 1048 డిసెంబరులో మరణించాడని వాడుక. ఆ ఎనభై ఏళ్ల మాటను బట్టి 1050 తరువాతనే అని పండితుల నిర్ణయం. చంద్రుని మీద ఒక పెద్ద బిలానికి 1970లో అల్ బీరూనీ పేరు పెట్టారు. అది చంద్రుని తూర్పు అంచుకు ఆవల ఉండడం వల్ల సాధారణంగా మనకు కనబడదు. చంద్రుడు కొద్దిగా ఊగినప్పుడు మాత్రం అంచున తొంగిచూస్తుంది.

ఆయన అంత్యదశలో ఒక న్యాయశాస్త్రవేత్త పరామర్శకు వెళ్లాడట. ఊపిరి బరువెక్కిన స్థితిలో బీరూనీ, మునుపెన్నడో ఇద్దరూ చర్చించిన వారసత్వపు వాటాల లెక్క ఒకటి మళ్లీ వివరించమన్నాడు. ఈ స్థితిలోనా అని వచ్చినాయన జంకితే, తెలియకుండా పోవడం కన్నా తెలుసుకొని పోవడం మేలు కదా అని బీరూనీ వాదించాడట. ఆయన వివరించాడు. బీరూనీ దానిని తిరిగి అప్పజెప్పి సరిచూసుకున్నాడు. అతిథి సెలవు తీసుకొని వీధిలోకి వచ్చాడో లేదో, ఇంట్లో నుండి ఏడుపు వినిపించింది.